పాత ఐ10 కారుకి ముందు చక్రాల స్ట్రట్‌లు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? (శ్రీకాకుళం)

నాగావళి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. బండి 2009 మోడల్ హ్యుందాయ్ ఐ10, పెట్రోలు, మీటరు 1,12,000 దాటింది. రెండు నెలలుగా ముందు ఎడమ వైపు నుంచి చప్పుడు. చిన్న చిన్న గతుకుల మీద టకటకమంటుంది, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు మాత్రం ఒక్కసారి దబ్బుమని, కింద నుంచి ఎవరో సుత్తితో కొట్టినట్టు. హైవే మీద 80 దాటితే ముందు భాగం పడవలాగ ఊగుతోంది, బ్రేకు వేస్తే ముక్కు కిందికి వంగిపోతోంది. మొన్న స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి చక్రం వెనక టార్చి వేసి చూశాను. ఎడమ స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉండేది) ఒంటి మీద నల్లగా నూనె కారి, దానికి దుమ్ము పట్టి ముద్దగా అంటుకుని ఉంది. కుడిది పొడిగానే ఉంది.

ఊళ్లో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే చిన్న రౌండు తిప్పి వచ్చి, స్ట్రట్‌లు, పైన మౌంటింగులు, లింక్ రాడ్లు, లోయర్ ఆర్ములు అన్నీ పోయాయి, 22 వేలు అవుతుంది అన్నారు. బండి లేపలేదు, కింద దూరి చూడలేదు. అడిగితే ‘పాత బండి కదండీ, అన్నీ ఒకేసారి మార్చేసుకుంటే గోల ఉండదు’ అన్నారు. అంత డబ్బు ఇప్పుడు పెట్టలేను.

అలాగని వదిలేయడానికీ లేదు. మా నాన్నగారికి నడుం ఆపరేషన్ అయింది, నెలకి రెండుసార్లు విశాఖ తీసుకెళ్లి తీసుకురావాలి. గతుకు కనిపిస్తే చాలు, పక్క సీట్లో ఆయన పైనున్న హ్యాండిల్ పట్టుకుని కళ్లు మూసేసుకుంటున్నారు. నోరు తెరిచి ఒక్క మాట అనరు. అది చూసినప్పుడల్లా నాకు బండి మీద కన్నా నా మీదే కోపం వస్తోంది.

ఆయిల్, ఫిల్టర్లు, ముందు బ్రేకు ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. జాకీ ఉంది, పానాల సెట్టు ఉంది, ఇంటి ముందు సిమెంటు నేల ఉంది. వీడియోలు చూస్తే అరగంటలో అయిపోతున్నట్టు చూపిస్తున్నారు. నిజంగా ఇంటి దగ్గర చేసుకోదగ్గ పనేనా ఇది? స్ప్రింగు సంగతే భయంగా ఉంది. సంక్రాంతికి అక్కావాళ్లు వచ్చేలోగా బండి సిద్ధం చేయాలి.

పలాస_జీడితోట:

చేసుకోవచ్చు తమ్ముడూ, నేను మా ఆల్టోకి చేసుకున్నాను. రెండు మాటలు గుర్తుంచుకో చాలు. ఒకటి, ఎడమది ఒక్కటే కారుతున్నా రెండూ కలిపే మార్చు. ఒక పక్క కొత్తది, ఒక పక్క లక్ష తిరిగినది ఉంటే బ్రేకు వేసినప్పుడు రెండు చక్రాలూ రోడ్డుని ఒకేలా పట్టుకోవు. రెండు, బానెట్ ఎత్తితే స్ట్రట్ తల దగ్గర నడిమధ్యలో పెద్ద నట్టు ఉంటుంది. నొక్కి ఉన్న స్ప్రింగుని పట్టి ఉంచేది అదే, స్ట్రట్ బండి మీద ఉండగా దాని జోలికి వెళ్లకు.

డిపో_మేష్టారు:

బాబూ, నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. మాది ఆమదాలవలస. సామాను కొనే ముందు ఏది పోయిందో నువ్వే తేల్చుకో, ఎవరి మాటా నమ్మొద్దు, నా మాటతో సహా.

నువ్వు రాసినదాంట్లో రెండు జబ్బులు కనిపిస్తున్నాయి. నూనె కారడం, ఊగడం, ముక్కు వంగడం, ఇవి స్ట్రట్ లక్షణాలు. స్ట్రట్ లోపల నూనె సన్నని బెజ్జాల గుండా అటూ ఇటూ పోతూ స్ప్రింగు ఊపుని ఆపుతుంది. సీలు పోయి నూనె బయటికి వచ్చేస్తే ఆపేవాడు ఉండడు, స్ప్రింగు తన ఇష్టం వచ్చినట్టు ఆడుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర దబ్బుమనేది కూడా దానివల్లే అయ్యుండొచ్చు, పూర్తిగా కిందికి కూర్చుని లోపలి రబ్బరు స్టాపరుకి తగులుతుంది. పైపైన తడి మెరుపులా ఉంటే అంత కంగారు అక్కర్లేదు గానీ, నువ్వు చెప్పినట్టు ముద్ద కట్టిందంటే దాని పని అయిపోయినట్టే.

చిన్న గతుకుల మీద టకటక వేరే సంగతి. నూటికి చాలా బళ్లలో అది లింక్ రాడ్. మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ బారుకీ స్ట్రట్‌కీ మధ్య సన్నగా ఉంటుంది చూడు, రెండు చివర్లా చిన్న బాల్ జాయింటు. అది అరిగితే గజ్జె కట్టినట్టే. తేల్చుకోవడం తేలిక: రెండు పక్కలా లింక్ రాడ్లు ఊడదీసి, మీ వీధిలోనే 20 స్పీడులో ఒకసారి గతుకుల మీద తిప్పు. చప్పుడు మాయమైతే దొంగ దొరికినట్టే. మలుపుల్లో బండి పక్కకి ఒరుగుతుంది, అందుకని అలాగ హైవే ఎక్కకు. రాడ్ల ధర స్ట్రట్‌లతో పోలిస్తే ఏపాటిది.

మూడోది, పై మౌంటింగు, అంటే స్ట్రట్ తలని బాడీకి పట్టి ఉంచే ముక్క. బండి నిలబెట్టి ఇంట్లో ఎవరినైనా స్టీరింగు అటూ ఇటూ తిప్పమను, నువ్వు స్ప్రింగు మీద చెయ్యి ఆనించి చూడు. మెత్తగా తిరగాలి. పట్టేసి, ఆగి, ఒక్కసారి టంగ్ అని జారిందంటే పైన బేరింగు పోయింది. చుట్టల మధ్యలో మాత్రం వేలు పెట్టకు నాయనా, పై నుంచి అరచెయ్యి ఆనిస్తే చాలు.

లోయర్ ఆర్ము, అంటే చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి, దాని సంగతి చక్రం లేపాక తెలుస్తుంది. చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపు. లొడలొడలాడితే ఇంకొకరిని కింద బాల్ జాయింటు వైపు చూడమను, అక్కడ కదలిక కనిపిస్తే మార్చు, లేకపోతే ఆర్ము జోలికి పోకు.

నాగావళి_గట్టు:

మేష్టారూ, దండాలు. సాయంత్రం చూశాను. లింక్ రాడ్లు తీసి మా వీధి చివర సిమెంటు రోడ్డు పగిలిన చోట నాలుగుసార్లు తిప్పాను, టకటక పూర్తిగా పోయింది. ఎడమ రాడ్ చేత్తో పట్టుకుంటే పై జాయింటు వేలాడిపోతోంది. స్టీరింగు తిప్పితే ఎడమ స్ప్రింగు రెండుసార్లు టంగ్ మంది, కుడిది మెత్తగా తిరిగింది. చక్రంలో లొడలొడ ఏమీ లేదు. అంటే ఆర్ములకి నేను డబ్బు పెట్టక్కర్లేదన్నమాట!

బొబ్బిలి_వీణ:

ఇక్కడ నేను కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమనుకోవద్దు, ఎందుకంటే ఈ పనిలో నాకు తగిలిన దెబ్బ ఇంకొకరికి తగలకూడదు.

నాలుగేళ్ల కిందట మా బావగారి స్విఫ్ట్‌కి మా పెరట్లో స్ట్రట్‌లు మార్చాం. స్ప్రింగు నొక్కడానికి బజారులో దొరికే రెండు కొక్కేల కంప్రెసర్ తెచ్చాం. ఒక పక్కది కొంచెం ఎక్కువ, ఇంకో పక్కది కొంచెం తక్కువ బిగించానేమో, స్ప్రింగు విల్లులాగ వంగడం కనిపిస్తూనే ఉంది, ‘ఇంకో రెండు చుట్లే కదా’ అని ఆగలేదు. కొక్కెం చుట్ట మీద జారింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. స్ప్రింగు నా మోచేతి పక్క నుంచి వెళ్లి పశువుల శాల గోడకి తగిలింది, ఇటుక కనిపించేంత సిమెంటు పెచ్చు ఊడింది. మా బావ అప్పుడే నీళ్ల కోసం లేచి వెళ్లాడు, లేకపోతే ఆయన కూర్చున్నది సరిగ్గా ఆ గోడ ముందే. ఆ రోజు నుంచి నా పద్ధతి ఇదీ: ఊడదీయడం, బిగించడం ఇంట్లో, స్ప్రింగు మార్పిడి మాత్రం మెషీన్ ఉన్న షాపులో. స్ట్రట్ స్ప్రింగుతో సహా పూర్తిగా బయటికి తీసి, సంచిలో వేసుకుని ఇంకో బండి మీద పట్టుకెళ్తే, స్టాండుకి బిగించే ప్రెస్సు ఉన్నవాళ్లు పావుగంటలో మార్చి ఇస్తారు. నాకు జతకి 400 తీసుకున్నారు. మిగతా కూలంతా నీకు మిగిలినట్టే, ప్రాణానికి ప్రమాదమైన ముక్క ఒక్కటీ నీ చేతిలో లేనట్టే.

ఇక ఊడదీయడం. ముందు రోజు రాత్రే బోల్టుల మీద తీగ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలెయ్యి. పొద్దున మళ్లీ కొట్టు. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసుకో, మీ హ్యుందాయ్‌కి 21 పానా. హ్యాండ్ బ్రేకు వేసి వెనక చక్రాలకి రెండు పక్కలా రాళ్లు పెట్టు. జాకీ మీద నమ్మకంతో కింద చెయ్యి పెట్టొద్దు, లేపిన బండిని మోసే స్టాండ్లు లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకో. ఇటుకలు పేర్చి నిలబెడతారు చూడు, అది మాత్రం వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఊడదీసిన చక్రాన్ని కూడా బండి కిందికి తోసి ఉంచు, ఏదైనా జారినా దాని మీదే కూర్చుంటుంది.

చక్రం తీశాక బ్రేకు గొట్టం స్ట్రట్‌కి క్లిప్పుతో పట్టి ఉంటుంది, ఏబీఎస్ ఉంటే దాని వైరు కూడా. రెండూ విడిపించు. లింక్ రాడ్ నట్టు తిప్పుతుంటే లోపలి బాల్ కూడా దాంతోపాటే తిరుగుతుంది, మధ్యలో అలెన్ కీ పెట్టి పట్టుకుని తిప్పాలి. తర్వాత కింద స్ట్రట్‌ని చక్రం హబ్బు ముక్కతో కలిపే పెద్ద బోల్టులు రెండు. తీసే ముందు వాటి తల చుట్టూ, స్ట్రట్ అంచు ఎక్కడ ఆనిందో అక్కడ తెల్ల పెయింటుతో గీత గీసి ఫోటో తీసుకో. ఆ రెండు బోల్టుల దగ్గర ఉండే కొద్దిపాటి సందే చక్రం నిలువు వాలుని మారుస్తుంది. బోల్టు తలని కదలకుండా పట్టుకుని నట్టు వైపు నుంచే తిప్పు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. బోల్టులు రాగానే హబ్బు బయటికి వాలిపోతుంది, ఆ బరువంతా బ్రేకు గొట్టం మీద వేలాడుతుంది, లోపల యాక్సిల్ జాయింటు కూడా బయటికి లాగేసుకునే అవకాశం ఉంది. అందుకని ముందే హబ్బుని తాడుతోనో తీగతోనో స్ప్రింగు పక్కన బాడీకి కట్టెయ్యి. కింద లోయర్ ఆర్ముకి రెండో జాకీ ఊతం ఇస్తే ఇంకా మంచిది. పైన చుట్టూ ఉన్న చిన్న నట్లు అన్నిటికన్నా చివర్న తీయాలి, అదీ ఒక చేత్తో కింద స్ట్రట్‌ని పట్టుకుని, లేకపోతే అది పాదం మీద పడుతుంది. నట్లు కనిపించకపోతే వైపర్ల కింద ప్లాస్టిక్ కవరు తీయాల్సి రావచ్చు.

తిరిగి బిగించేటప్పుడు ఇంకొకటి. స్ట్రట్‌లకి ఎడమ, కుడి వేరు, బ్రేకు గొట్టం పట్టు ఏ వైపు ఉందో చూస్తే తెలిసిపోతుంది, షాపువాడు రెండూ ఒకే వైపువి ఇచ్చిన సంగతి నేను చూశాను. కొత్తది డబ్బాలో పడుకుని ఉంటుంది కాబట్టి నిటారుగా పెట్టి కడ్డీని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి వదలాలి, లోపల చేరిన గాలి పోతుంది. ఆ మెరిసే కడ్డీని ప్లయర్‌తో పట్టుకోనివ్వకు. దాని మీద వెంట్రుకంత గీత పడినా కొత్త సీలుని కోసేస్తుంది, ఆరు నెలల్లో మళ్లీ నూనె.

విజయనగరం_కోట:

బొబ్బిలి అన్నగారు చెప్పినదంతా ఒప్పుకుంటాను గానీ, స్ప్రింగు ఇంట్లో మార్చడం అసాధ్యం మాత్రం కాదు. నేను మూడు బళ్లకి చేశాను. కొక్కేలు స్ప్రింగుకి సరిగ్గా ఎదురెదురుగా, ఎంత ఎక్కువ చుట్టలు వస్తే అన్ని చుట్టలు పట్టుకునేలా పెట్టాలి, ఒకదానికి రెండు చుట్లు తిప్పితే రెండోదానికీ రెండే. బ్యాటరీ గన్నుతో కాదు, చేత్తో. స్ప్రింగు పై కప్పులో వదులుగా కదిలేదాకా మధ్య నట్టు ముట్టుకోకూడదు. మనిషి ఎప్పుడూ పక్కన ఉండాలి, స్ప్రింగు మూతి ముందు ఉండకూడదు.

డిపో_మేష్టారు:

కోట బాబూ, నువ్వు రాసింది తప్పేం కాదు. కానీ ఈ అబ్బాయి మొదటిసారి చేస్తున్నాడు, ఇంట్లో ఆపరేషన్ అయిన తండ్రి ఉన్నాడు. అతనికి షాపే మంచిది. నా సర్వీసులో స్ప్రింగు దెబ్బ తిన్న చేతిని ఒకదాన్ని చూశాను, మళ్లీ ఆ వేళ్లు పూర్తిగా ముడవలేదు.

షాపులో ఇచ్చినా నువ్వు పక్కన నిలబడి మూడు చూసుకో బాబూ. స్ప్రింగు కింది కొస, కింది కప్పులో మెట్టులా ఉన్న చోటే ఆనాలి, ఒక అంగుళం పక్కకి కూర్చున్నా నెల రోజుల్లో చప్పుడు మొదలు. రబ్బరు స్టాపరు, దుమ్ము తొడుగు కొత్తవి వేయించు, అవి పొడి పొడిగా రాలిపోయి ఉంటాయి. పై మౌంటింగు, బేరింగు రెండు పక్కలా కొత్తవే వెయ్యి, ఇంత పని పెట్టుకుని పాతవి తిరిగి బిగించడం దండగ. స్ప్రింగులు విరగకుండా, రెండూ ఒకే ఎత్తులో ఉంటే పాతవే చాలు.

కళింగపట్నం_గాలి:

మా సముద్రం పక్క బళ్లకి బోల్టులే అసలు గొడవ. ఉప్పు గాలికి నట్టూ బోల్టూ ఒకటైపోతాయి. పొడుగు పైపు తొడిగి లాగితే బోల్టు తెగుతుంది, అందుకని కొంచెం వదులు చేసి, మళ్లీ కొంచెం బిగించి, స్ప్రే కొట్టి, మళ్లీ వదులు, అలా ఓపిగ్గా తీయాలి. కొత్త నట్లూ బోల్టులూ ముందే కొనుక్కో అన్నా. ఇంకో మాట, ‘రీకండిషన్’ అని చెప్పి సగం ధరకి షాకబ్జర్లు ఇస్తారు. పాత గొట్టానికి బెజ్జం వేసి నూనె పోసి వెల్డింగు పెట్టి పైన నల్ల రంగు వేసినవి అవి. నేను కొన్నాను, వానాకాలం దాటలేదు. కొత్తవే కొను.

పలాస_జీడితోట:

అలైన్‌మెంటు, అంటే చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసి సరిచేయించడం, మర్చిపోకు తమ్ముడూ. గీతలు ఎంత బాగా గీసినా స్ట్రట్ మార్చాక చేయించి తీరాలి, లేకపోతే కొత్త స్ట్రట్‌ల మీద డబ్బు మిగిల్చి టైర్ల మీద పోగొట్టుకుంటావు. మార్చకముందు చేయిస్తే దండగ.

నాగావళి_గట్టు:

పని అయింది! కొంచెం ఆలస్యంగా రాస్తున్నాను, వేళ్ల సందుల్లో గ్రీజు ఇంకా వదల్లేదు.

సామాను విశాఖ నుంచి తెచ్చాను, నాన్నగారి చెకప్‌కి వెళ్లినప్పుడే. రెండు కొత్త స్ట్రట్‌లు, మౌంటింగులు బేరింగులతో, స్టాపర్లు, తొడుగులు, రెండు లింక్ రాడ్లు, కొత్త బోల్టులు, స్ప్రింగు మార్పిడి కూలి, అన్నీ కలిపి 9,600. ఆదివారం ఉదయం ఆరున్నరకి మొదలుపెడితే కుడి పక్క గంటన్నరలో బయటికి వచ్చింది. ఎడమ పక్క కింది బోల్టు మాత్రం నా సహనాన్ని పరీక్షించింది. కళింగపట్నం తమ్ముడు చెప్పినట్టే పావు చుట్టు వదులు, పావు చుట్టు బిగువు, స్ప్రే, మళ్లీ మొదలు. మా ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని స్ప్రే డబ్బా పట్టుకుంది. దాదాపు నలభై నిమిషాలకి కిర్రుమని కదిలింది, ఇద్దరం ఒకేసారి అరిచాం, నాన్నగారు కంగారుగా బయటికి వచ్చేశారు.

రెండు స్ట్రట్‌లూ గోనెసంచిలో కట్టి స్కూటరు మీద పట్టుకెళ్లాను. ప్రెస్సు ఉన్న షాపులో పక్కనే నిలబడ్డాను. పాత ఎడమదాన్ని స్ప్రింగు తీశాక ఆ కుర్రాడు నా చేతికి ఇచ్చి నొక్కమన్నాడు. కడ్డీ ఒక్క వేలితో లోపలికి వెళ్లిపోయింది, తిరిగి పైకి రాలేదు. కొత్తది రెండు చేతులా బరువు వేస్తే గానీ దిగలేదు. ఇన్నాళ్లూ ఆ పక్క ఉట్టి స్ప్రింగు మీదే నాన్నగారిని కూర్చోబెట్టి తిప్పానన్నమాట. మౌంటింగు బేరింగులో మూడు ఇనుప గుండ్లు లేవు, మిగతావి ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. మేష్టారు చెప్పిన మెట్టు దగ్గర స్ప్రింగు కొస ఎడమదానికి కొంచెం పక్కకి కూర్చుంటే, నేను చూపించి మళ్లీ విప్పించి సరిగ్గా పెట్టించాను. అడగకపోతే అలాగే ఇచ్చేసేవాడు.

సాయంత్రం నాలుగుకి బండి దించాను. బిగువు చూడటానికి టార్క్ రెంచి మా ఫ్రెండు దగ్గర తెచ్చాను, మాన్యువల్‌లో ఉన్న అంకెకే పెట్టాను. సోమవారం అలైన్‌మెంటు చేయించాను, 500. ముందు చక్రాలు రెండూ కొంచెం లోపలికి తిరిగి ఉన్నాయట, ఇప్పుడు చదును రోడ్డు మీద స్టీరింగు వదిలినా తిన్నగా వెళ్తోంది.

నిన్న నాన్నగారిని అరసవల్లి గుడికి తీసుకెళ్లాను. దారిలో తవ్వి పూడ్చిన చోట ఒకటి ఉంది, అక్కడికి వచ్చేసరికి అలవాటుగా ఆయన చెయ్యి పైకి హ్యాండిల్ వైపు వెళ్లింది. బండి దాటేసింది. ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉంచి, ‘గొయ్యి పూడ్చేశారేటి?’ అన్నారు.

మేష్టారూ, ఒకటి మిగిలింది. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ ఇంకోసారి చూడాలా, లేక ముందే చూస్తే మంచిదా?

డిపో_మేష్టారు:

రేపు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడే ఒకసారి చూడు, 100 దాటాక ఇంకోసారి. కింది పెద్ద బోల్టులు, లింక్ రాడ్ నట్లు, చక్రం నట్లు. నీ పెయింటు గీత కదిలిందేమో కూడా చూసుకో బాబూ.